మీవాడి బొమ్మ గురించి

హైదరాబాద్

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మ, పిల్లలు కులాసాయేనా? మీవాడి పుట్టినరోజుకి బ్యాట్‌మ్యాన్ బొమ్మ కొని పంపమన్నావు కదా, ఆ పని మీదే మొన్న ఆదివారం హైటెక్ సిటీ వైపు ఒక షాపుకి వెళ్లాను. కొనలేదు. మర్చిపోయి కాదు, డబ్బు చూసుకునీ కాదు. ఎందుకో చెబుతా, కాస్త ఓపిగ్గా చదువు.

అద్దాల బీరువాల్లో ఆరంగుళాల వాటి నుంచి అడుగు ఎత్తు వాటి దాకా వరసగా నిలబెట్టారు. ఆ పెద్దవాటి పనితనం చూస్తే చేసినవాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది రా. బెల్టు మీద కుట్లు, బూట్ల మీద గీరుకుపోయిన మరకలు, అన్నీ ఉన్నాయి. కానీ ఒళ్లు! మెడ లేదు, భుజాలు చెవుల దాకా ఎక్కాయి. పొట్ట మీద పలకల సందుల్లో సన్నగా నల్లరంగు దించారు, దూరం నుంచి చూసినా ప్రతి కండా విడివిడిగా తెలియాలని. పక్కనే వండర్ ఉమన్. నడుము తలకాయ కంటే సన్నం, చీలమండలు పుల్లల్లా ఉన్నాయి. వెనకాల స్టాండు తీస్తే పడిపోతోంది. లోకాన్ని కాపాడే మనిషిని తన కాళ్ల మీద తను నిలబడలేనట్టు చేశారే అని నిజంగా బాధేసింది.

మొదట్లో ఇలా ఉండేవాళ్లు కాదు కదరా. 1938లో జో షుస్టర్ గీసిన సూపర్‌మ్యాన్ సర్కస్ వస్తాదులా ఉంటాడు. ఛాతీ వెడల్పే, అయినా మనిషి ఒళ్లే. కారెత్తి బండకేసి కొడుతుంటే మన చూపు కారు మీదికి పోతుంది గానీ అతని చేతి మీదికి పోదు. 1962లో స్టీవ్ డిట్కో గీసిన స్పైడర్‌మ్యాన్ అయితే బక్కపలచని స్కూలు కుర్రాడు. గోడలు పాకేవాడికి అంతకంటే ఏం కావాలి? తర్వాత 1982లో ఒళ్లంతా కండలతో హీమ్యాన్ బొమ్మ వచ్చింది, 1989 సినిమాలో బ్యాట్‌మ్యాన్ సూటుకే కండలు పోతపోశారు, 1990లలో కామిక్స్‌లో హీరోల ఒళ్లు ఇంకా ఉబ్బాయి.

నీ దగ్గర ఫన్‌స్కూల్ కంపెనీ జీఐ జో సైనికుడి బొమ్మ ఉండేది గుర్తుందా, బొటనవేలు విరిగిపోయి తుపాకీ పట్టుకోలేనిది? అమెరికాలో ఆ జీఐ జో బొమ్మల్నే హారిసన్ పోప్ అనే సైకియాట్రిస్టు, ఆయన తోటివాళ్లు కొలిచి 1999లో లెక్కలు బయటపెట్టారు. బొమ్మని 5 అడుగుల 10 అంగుళాల మనిషంత పెంచితే 1964 నాటి వాడి చేతి కండ చుట్టుకొలత 12.2 అంగుళాలు. మామూలు మనిషి చెయ్యే. 1990లలో వచ్చిన జీఐ జో ఎక్స్‌ట్రీమ్‌కి 26.8! అంత చెయ్యి ఏ బాడీబిల్డర్‌కీ లేదని వాళ్లే రాశారు.

ఇక్కడా అంతే. చవితి ముందు ధూల్‌పేట వైపు వెళ్తే సిక్స్‌ప్యాక్ వినాయకుళ్లు కనిపిస్తున్నారు. బొజ్జ లేని వినాయకుడికి ఉండ్రాళ్లు ఎలా పెడతాం చెప్పు! బాపు బొమ్మలో రాముడు విల్లు పట్టుకుని ఊరికే నిలబడితే చాలు, ఆ నిలబడ్డ తీరులోనే బలమంతా తెలిసేది. కండ చూపిస్తే తప్ప బలం ఉందని నమ్మని రోజులొచ్చాయి.

నాకు ఇంత పట్టింపు ఎందుకంటే మా అక్క కొడుకు. పదో తరగతి. చేతులు సన్నగా ఉన్నాయని మండుటెండల్లో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కానే వేస్తున్నాడు. అన్నం మానేశాడు, ప్రోటీన్ పొడి డబ్బాలు తెచ్చుకుంటున్నాడు, అద్దం ముందు నుంచి కదలడు. ఎంత కండ ఉన్నా ఇంకా బక్కగానే ఉన్నానని కుమిలిపోయే జబ్బుకి మజిల్ డిస్‌మార్ఫియా అని పేరు పెట్టింది కూడా ఆ పోపూ, ఆయన తోటివాళ్లే. మావాడికి అదేనని నేను అనను, బొమ్మల వల్లేనని అసలే అనను. ఫోన్‌లో వాడు చూసేవి బొమ్మల కంటే ఎక్కువ. కానీ అక్క టెన్షన్ చూడలేకపోతున్నాను. వచ్చే వారం ఇద్దరినీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను.

అడిగేవాళ్లుంటే బొమ్మల అచ్చులు మారతాయిలే. బార్బీ చూడు, 1959 నుంచి సన్నటి నడుమే. అమ్మకాలు తగ్గేసరికి 2016లో బొద్దుగా, పొడుగ్గా, పొట్టిగా మూడు కొత్త ఒళ్లు తెచ్చారు. మీ పాపకి ఆ బొద్దు బార్బీ ఒకటి పక్కన పెట్టించాను, వద్దనకు.

మీవాడికి మాత్రం ఆ షాపులోనే పాత కామిక్స్ తరహా స్పైడర్‌మ్యాన్ ఒకటి చూశాను. ఆరంగుళాలు, సన్నగా ఉన్నాడు, మోకాళ్లూ మోచేతులూ బాగా వంగుతాయి, ఏ గోడకైనా అంటించినట్టు కూర్చోబెట్టొచ్చు. బ్యాట్‌మ్యానే కావాలని వాడు పట్టుబడితే సరే, పుట్టినరోజు వాడిది, అదే పంపుతాను. కానీ ముందు వాడిని అడుగు. శనివారం లోపు ఫోన్ చేస్తే సోమవారం కొరియర్ వేస్తాను. డబ్బాలోనే దాచుకోమనకు, తీసి ఆడుకోనీ. బొటనవేలు విరిగినా ఫర్వాలేదు.

చెల్లెమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ మామ