ఊరి మధ్య లెక్క చదివించండి: మలావీ ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

మాది అనంతపురం జిల్లా. పద్నాలుగేళ్ళుగా ఈ ఆఫ్రికా గడ్డ మీద, మీ రాజధాని లిలాంగ్వేలో ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు రాస్తూ బతుకుతున్నాను. మీ దేశం సంగతి నాకెందుకని ఎవరైనా అడగొచ్చు. ఇక్కడి ఉప్పు తింటున్నాను, ఇక్కడే పన్ను కడుతున్నాను, నా పిల్లలు ఇక్కడే పుట్టారు. ఈ లేఖను మీ భాష చిచేవాలోకి మార్పించి మీ కార్యాలయానికి పంపిస్తున్నాను. తెలుగులో బయటపెడుతున్నది మావాళ్ళ కోసం. ఏటా 50 వేల టన్నుల కందులు మీ దగ్గర కొంటామని 2021లో భారతదేశం ఒప్పందం చేసుకుంది. మీరు ‘నండోలో’ అంటారే, ఆ కందులే మా ఇళ్ళలో పప్పవుతున్నాయి. ఆ పంట పండించే రైతు ఎలా ఉన్నాడో మావాళ్ళకూ తెలియాలి.

మొన్న వానాకాలంలో మా ఇంట్లో పనిచేసే అమ్మ చిన్నకొడుక్కి జ్వరం వస్తే, వాళ్ళ ఊరి ఆరోగ్య కేంద్రానికి నేనే తీసుకెళ్ళాను. మేం వెళ్ళేసరికే, తెల్లారకముందే, చిటెంజే గుడ్డల్లో బిడ్డల్ని వీపున కట్టుకున్న తల్లులు వరండా నిండా ఉన్నారు. మా వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. నర్సు వేలి నుంచి రక్తపు చుక్క తీసి చూసింది. మలేరియా. పిల్లాడి హెల్త్ పాస్‌పోర్టు పుస్తకంలో మందు పేరు రాసి, తల ఎత్తకుండానే ‘పలిబే’ అంది. లేదు అని. ఆమె గొంతులో విసుగు లేదు. ఆ మాట పొద్దుటినుంచి ఎన్నిసార్లు అని ఉంటుందో.

అక్కడ కూర్చున్నంతసేపూ గోడలే చూశాను. భవనం ఎవరిచ్చారో రాతిపలక మీద ఉంది. ఫ్రిజ్ ఎవరిచ్చారో దాని తలుపు మీద ఉంది. అంబులెన్సు మీద ఒక దేశం గుర్తు, బల్ల మీద ఇంకో సంస్థ గుర్తు. ఈ నెల ఎన్ని మందులు వచ్చాయో, ఎన్ని ఎవరికి ఇచ్చారో మాత్రం ఏ గోడ మీదా లేదు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ గోడ దగ్గరే ఉంది.

2013 సెప్టెంబరు 13 రాత్రి మీ శాఖ బడ్జెట్ డైరెక్టర్ పాల్ ఎంఫ్వియో మీద ఆయన ఇంటి గేటు దగ్గరే కాల్పులు జరిగాయి. ఆ రోజుల్లోనే చిన్న ప్రభుత్వ ఉద్యోగుల ఇళ్ళలో, కారు డిక్కీల్లో నోట్ల కట్టలు బయటపడ్డాయి. క్యాష్‌గేట్ అని పేరు పడింది. లెక్కలు రాసేవాడిగా ఆ దోపిడీ జరిగిన తీరు నన్ను ఇప్పటికీ వదలదు. సరుకు సరఫరా చేయని కంపెనీల పేర్లు ఖజానా కంప్యూటర్లో ఎక్కించారు, చెక్కులు తీశారు, డబ్బు చేతికొచ్చాక ఆ పద్దునే కంప్యూటర్లోంచి చెరిపేశారు. బేకర్ టిల్లీ ఆడిటర్లు లెక్క తీస్తే ఆరు నెలల్లో పోయింది మీ కరెన్సీలో సుమారు 1,370 కోట్ల క్వాచాలు. కంచే చేను మేసింది. కొందరు జైలుకెళ్ళారు, నిజమే. మరుసటి ఏడాది ఎన్నికల్లో అధ్యక్షురాలు జాయిస్ బండా ఓడిపోయారు.

అసలు నష్టం ఆ తర్వాత మొదలైంది. మీ బడ్జెట్‌లో దాదాపు 40 శాతం విదేశీ దాతల సొమ్ము ఉండేది. దాతలు 15 కోట్ల డాలర్ల దాకా ఆపేశారు. తర్వాత సాయం మళ్ళీ వచ్చింది కానీ ఎక్కువ భాగం మీ ఖజానా గుమ్మం తొక్కకుండా స్వచ్ఛంద సంస్థల చేతుల మీదుగా వచ్చింది. ఇచ్చేవాళ్ళను నేను తప్పు పట్టను. చిల్లుకుండలో నీళ్ళెవరు పోస్తారు? కానీ ఆ సొమ్ముకు లెక్క లండన్‌కీ వాషింగ్టన్‌కీ వెళ్తుంది, మీ పార్లమెంటుకు రాదు. వరండాలో కూర్చున్న తల్లి ఎవరినని అడగాలి? నర్సునా?

2025 జనవరిలో అమెరికా సాయం ఆపేసింది, ఆ ఏడాది మధ్యకల్లా ఆ సాయం పంచే సంస్థ యూఎస్ఎయిడ్ తలుపులే మూసేసింది. మలావీలో దాదాపు పది లక్షల మంది హెచ్ఐవీతో బతుకుతున్నారు. వాళ్ళ వైద్యం ఖర్చులో ఎక్కువ భాగం బయటి సొమ్మే. ఎక్కడో ఒక ఆఫీసులో చేసే సంతకం మీద ఇక్కడివాళ్ళ ప్రాణం ఆధారపడటం మీకు మాత్రం నిద్ర పట్టనిస్తుందా?

మీ జనానికి లెక్క అడగడం రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2019 ఎన్నికల ఫలితాల పత్రాలకు వైట్‌నర్ పూసి అంకెలు దిద్దారని నెలల తరబడి వీధుల్లో నిలబడ్డది ఈ జనమే. 2020 ఫిబ్రవరిలో అయిదుగురు న్యాయమూర్తులు ఆ ఎన్నికనే కొట్టేశారు. జూన్‌లో మళ్ళీ ఓటేసి ప్రభుత్వాన్ని మార్చారు.

ఇక నేను కోరేది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో మా జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. దాంతోపాటు సామాజిక తనిఖీ వచ్చింది. మస్టరు రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, పట్టుకుని ఊరి యువకులు ఇంటింటికీ తిరిగేవాళ్ళు. ఫలానా ఆమె పన్నెండు రోజులు పని చేసింది, ఇంత కూలి తీసుకుంది అని సభలో చదివితే, ‘నేను పోయింది నాలుగు రోజులే’ అని ఆమే లేచి చెప్పేది. తిన్న డబ్బు అక్కడికక్కడే వాపసు ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. దాంతో అవినీతి పోయిందని అబద్ధం చెప్పను. పట్టుబడ్డవాళ్ళలో మళ్ళీ కుర్చీ ఎక్కినవాళ్ళూ ఉన్నారు. కానీ చదువు రాని కూలీ అధికారి ముఖం చూసి లెక్క అడగడం అక్కడే చూశాను. కంప్యూటర్లో పద్దు చెరిపినట్టు ఆమె జ్ఞాపకాన్ని చెరపలేరు.

ఆరోగ్య కేంద్రాల మందుల పద్దుతో మొదలుపెట్టండి. దాత ఇచ్చినదైనా, ఖజానా కొన్నదైనా ఏమొచ్చింది, ఎంత మిగిలింది అని నెలనెలా చిచేవాలో గోడకు అంటించండి. మూడు నెలలకోసారి ఊరి పెద్ద ముందు గట్టిగా చదివించండి. దీనికి ఏ దేశం ముందూ చేయి చాచనక్కర్లేదు, కాగితం, జిగురు చాలు. మొదటి సభ ఎక్కడ పెడతారో చెప్పండి. పద్దులు చదవడం నా వృత్తి. ఆ రోజు సెలవు పెట్టి వస్తాను. మా ఇంట్లో పనిచేసే అమ్మ కూడా వస్తానంది, కొడుకు హెల్త్ పాస్‌పోర్టు పట్టుకుని.

ఇట్లు,
లిలాంగ్వేలో ఉంటున్న ఒక అనంతపురం మనిషి