ఫ్రెంచి పల్లె చర్చిలు సంగీతశాలలుగా మారిపోలేదు

సంపాదకులు గారికి,

నమస్కారములు. ఫ్రాన్స్‌లో విశ్వాసులు తగ్గిపోవడంతో పల్లెటూరి చర్చిలు సంగీతశాలలుగా మారిపోయాయని మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల వెలువడిన యాత్రా వ్యాసంలో చదివాను. ఆదివారపు పూజలకు వచ్చేవారు తగ్గిన మాట నిజమే. ఒకే గురువు (చర్చిలో పూజ జరిపే ఫాదరు) అనేక గ్రామాల చర్చిలను చూసుకోవలసి రావడం వల్ల చాలా ఊళ్లలో వారం వారం పూజ జరగడం లేదు. కానీ అంతమాత్రాన ఆ కట్టడాలు చర్చిలు కాకుండా పోలేదు. గత వేసవిలో బర్గండీ ప్రాంతపు ఒక చిన్న గ్రామంలో బృందగాన కచేరీ విన్న శ్రోతగా, ఆ వ్యాసం కలిగించే అపోహను తొలగించడం అవసరమని భావించి ఈ లేఖ రాస్తున్నాను.

మతాన్నీ రాజ్యాన్నీ వేరు చేస్తూ 1905 డిసెంబరు 9న ఫ్రాన్స్ చట్టం చేసింది. చర్చిల నిర్వహణకు ఆ చట్టం కోరిన ఆరాధనా సంఘాలను ఏర్పాటు చేయడానికి పదవ పయస్ పోప్ అంగీకరించకపోవడంతో, 1907లో మరొక చట్టం ద్వారా చర్చిలను విశ్వాసుల, గురువుల వినియోగానికే విడిచిపెట్టారు. 1908 నాటి చట్టం వాటి యాజమాన్యాన్ని కమ్యూన్లకు, అంటే ఊరి స్థానిక పాలనా సంస్థలకు, ఖరారు చేసింది. (అప్పట్లో జర్మనీ అధీనంలో ఉన్న అల్సాస్, మొసెల్ ప్రాంతాల సంగతి వేరు.) ఫలితంగా, 1905కు ముందు కట్టిన పల్లె చర్చి సాధారణంగా ఊరి ఆస్తి, కప్పు కారితే చూసుకోవలసింది మేయరు. అయినా లోపల ఏం జరగాలో నిర్ణయించే హక్కు గురువుది. ఆరాధనకు కేటాయించిన చర్చిలో మేయరు ఎంత ఉత్సాహపడినా గురువు సమ్మతి లేనిదే కచేరీ జరగదు. సంగీతశాలకు ఇటువంటి నిబంధన ఎక్కడైనా ఉంటుందా?

గురువు కూడా తన ఇష్టానుసారం సమ్మతించరు. చర్చిలలో కచేరీలపై వాటికన్ 1987లో మార్గదర్శకాలు వెలువరించింది. వాటి ప్రకారం సంగీతం ఆ స్థలపు పవిత్రతకు తగినదై ఉండాలి, గాయకులు బలిపీఠమున్న గర్భాలయంలో నిలబడకూడదు, దివ్యసత్ప్రసాదాన్ని (పూజలో పవిత్రం చేసిన రొట్టెను) వీలైనంతవరకు పక్క ప్రార్థనాలయంలో భద్రపరచాలి, ప్రవేశం ఉచితంగా అందరికీ ఉండాలి. ఈ చివరి నియమం అన్నిచోట్లా అమలవుతోందని చెప్పలేను. టికెట్టు పెట్టే కచేరీలు ఫ్రాన్స్‌లో చాలానే ఉన్నాయి. నేను వెళ్లిన చోట మాత్రం టికెట్టు లేదు. బయటికి వచ్చే ద్వారం వద్ద ఒక బుట్ట ఉంచారు, తోచినంత వేసేవారు వేశారు. ఆ డబ్బు చర్చి కప్పు మరమ్మతుకని ముందే ప్రకటించారు. పాడినవారందరూ ఔత్సాహికులు, లాభాపేక్ష లేని సంఘాల కోసం చేసిన 1901 నాటి చట్టం కింద నమోదైన సంఘంలో సభ్యులు.

వారు పాడిన ప్రధాన రచన ఫ్రెంచి స్వరకర్త గాబ్రియెల్ ఫొరే స్వరపరచిన రెక్వియమ్ (మృతుల కోసం జరిపే పూజకు కూర్చిన సంగీతం) లోని భాగాలు. ఇది ఈ రోజుల్లో పెద్ద కచేరీ మందిరాల్లో వాద్యబృందంతో వినిపించే రచనగానే ఎక్కువమందికి తెలుసు. కానీ 1888 జనవరిలో దీనిని మొదటిసారి పాడింది పారిస్‌లోని మదలైన్ చర్చిలో, ఒక అంత్యక్రియల పూజలో; అప్పుడు ఫొరే ఆ చర్చి గానబృందానికి నాయకుడు. తీర్పు దినపు భయంకర వర్ణనను ఆయన చాలావరకు వదిలివేసి, శాంతిని వేడుకునే ప్రార్థనలకే చోటిచ్చాడు. కాబట్టి ఈ సంగీతం పల్లె చర్చిలో వినిపిస్తే, బయటినుంచి తెచ్చిన వినోదం అక్కడ దూరిందనడం సరికాదు. అది పుట్టినదే అటువంటి చోట.

ఆ కట్టడం గానాన్ని ఎంతగా శాసిస్తుందో వ్యాసకర్త గమనించినట్లు లేదు. రోమనెస్క్ అనే మధ్యయుగపు శైలిలో కట్టిన ఆ చర్చికి మందమైన గోడలు, చిన్న కిటికీలు, రాతి కమాను కప్పు ఉన్నాయి. అక్కడ స్వరం పాడినవారు ఆపిన వెంటనే ఆగదు. అందువల్ల వేగంగా పాడితే ఒకదానిపై మరొకటి పడి అంతా కలగాపులగమవుతుంది, హల్లులు మాసిపోయి మాటలు తెలియవు. బృందాన్ని నడిపిన ఆమె ఈ సంగతి ఎరిగి గమనాన్ని కొంత తగ్గించి, పదాల చివరి హల్లులను అందరిచేత ఒక్కసారిగా పలికించి, ముందరి స్వరం పూర్తిగా చల్లారాకనే తరువాతి భాగాన్ని ఎత్తుకున్నారు. జనం నిండితే మనుషులూ దుస్తులూ ధ్వనిని పీల్చుకుంటాయి గనుక, ఖాళీ చర్చిలో చేసిన సాధన కచేరీ వేళ సరిగ్గా పనికిరాదు. లెక్కలన్నీ అప్పటికప్పుడు సవరించుకోవాలి. మొత్తానికి ఆ పని చక్కగానే జరిగింది. టెనార్లు (హెచ్చు స్థాయిలో పాడే పురుషులు) మాత్రం ముగ్గురే ఉండడం వల్ల బాస్ (మంద్రస్థాయి) గొంతుల కింద నలిగిపోయారు. ఔత్సాహిక బృందాలకు ఈ కొరత ఎప్పుడూ ఉన్నదే.

నాకు నచ్చనిది ఒకటుంది. రెండవ భాగంలో ఏకగానానికి మైకు పెట్టారు. గొంతుకు అంతగా తోడు నిలిచే రాతి కప్పు కింద స్పీకరు పెట్టడం అనవసరమే గాక, మాటలను మరింత అస్పష్టం చేసింది. అనుమతి ఇచ్చేటప్పుడు గురువులు కార్యక్రమ పట్టికతోపాటు పరికరాల జాబితా కూడా అడిగితే బాగుంటుంది.

ఆ వ్యాసానికి సవరణ ప్రచురించగలరని కోరుతున్నాను. ఆ దేశానికి వెళ్లే పాఠకులకు ఉపయోగపడే సమాచారం కూడా దానితో చేర్చవచ్చు: ఇటువంటి కచేరీల ప్రకటనలు మేయరు కార్యాలయం తలుపు మీద, రొట్టెల దుకాణం అద్దానికి, చర్చి గుమ్మం వద్ద అంటించి ఉంటాయి. వేసవిలో కూడా లోపల చలిగా ఉంటుంది కాబట్టి ఒక శాలువా వెంట ఉంచుకోవాలి. ఆలస్యంగా వెళ్లినవారికి స్తంభాల వెనుక కుర్చీలే మిగులుతాయి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు