సుధకు, 7 కిలోల బ్యాగు గురించి

గుడివాడ,
ఆదివారం

సుధా తల్లీ,

ఇక్కడ అందరం కులాసా. నాన్నగారి మోకాలు మునుపటికన్నా నయం, మెట్లు ఎక్కొద్దంటే మాత్రం వినరు. నీకు ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నానమ్మా, తర్వాత చేస్తా" అంటావు, ఆ తర్వాత అనేది రాదు. అందుకని ఉత్తరం. క్రితంసారి మాట్లాడినప్పుడు ట్రాలీ చక్రం ఊడిందనీ, కొత్త బ్యాగు చూడాలనీ అన్నావుగా, దాని గురించే రాస్తున్నాను. వేరే సంగతేం లేదు.

ఫొటోస్టాట్ కొట్టు శీను మొన్న గన్నవరం ఎయిర్‌పోర్టులో నిన్ను చూశానన్నాడు. నీలం చుడీదారు, వీపున బ్యాగు, క్యాబ్ ఎక్కి బెజవాడ వైపు వెళ్లావట. వాడికి దూరపు చూపు ఆనదు, ఎవరిని చూసి ఎవరనుకున్నాడో. సరే, బ్యాగు సంగతికి వస్తాను.

కొనేటప్పుడు రంగు తర్వాత, ముందు ఖాళీ బరువు అడుగు. మన దేశంలో ఎకానమీ టికెట్టుకి చేతి సామాను మామూలుగా 7 కిలోలు, కొలత ఎక్కువ చోట్ల 55×35×25 సెంటీమీటర్లు. లోతు 20 దాటనివ్వని వాళ్లూ ఉన్నారు, కాబట్టి 20 లోతుదే తీసుకుంటే ఏ కంపెనీ విమానమైనా కొలత దగ్గర బెంగ ఉండదు. ఈ కొలతలో చక్రాలూ పిడీ కూడా లెక్కే. షాపువాడు చెప్పేది ఒట్టి పెట్టె కొలత, టేపు పెట్టి నువ్వే చూసుకో. గట్టి పెంకు ట్రాలీ ఖాళీగానే రెండున్నర, మూడు కిలోలు తూగుతుంది. ఇంక నీకు మిగిలేది నాలుగు. పిడి గొట్టాలు లోపల తినేసే చోటు వేరే. వారంవారం తిరిగేదానివి, సూట్‌కేసులా పూర్తిగా తెరుచుకునే గుడ్డ బ్యాగు, వీపున వేసుకునేది, 35 నుంచి 40 లీటర్లది తీసుకో. ఒకటీ ఒకటింబావు కిలోల్లో దొరుకుతుంది. ముందు పాడయ్యేవి జిప్పూ, భుజం పట్టీ కుట్టే. పట్టీ బ్యాగుకి కలిసేచోట చదరంగా కుట్టి మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తు కుట్టు ఉండాలి. ఒక్క వరస కుట్టున్నది ఆర్నెల్లలో ఊడుతుంది.

శీను కూడా వీపున బ్యాగే అన్నాడు. అంటే ట్రాలీ మానేశావన్నమాట, ఆ అమ్మాయి నువ్వే అయితే.

గన్నవరం వచ్చే వాటిలో రెక్కలకి పంకాలుండే చిన్న విమానాలు, ఏటీఆర్‌లు ఉంటాయి చూడు, వాటిలో తలపై అరలు ఇరుకు. బోయింగులో పట్టిన పెట్టె అక్కడ పట్టదు. మెట్ల దగ్గరే ట్యాగు కట్టి కింద సామానులో వేసేస్తారు. అప్పుడు వెనకాల జనం నిలబడి ఉంటే, పవర్ బ్యాంకు ఎక్కడుందో తెలీక బ్యాగంతా నేల మీద పరుస్తారు మనవాళ్లు. పవర్ బ్యాంకులు, విడి బ్యాటరీలు కింద సామానులో పోకూడదు, నిప్పంటుకుంటే పైన ఉన్నవాళ్లు వెళ్లి ఆర్పలేరు కాబట్టి. ఒక చిన్న సంచీలో పవర్ బ్యాంకు, మందులు, ఒరిజినల్ గుర్తింపు కార్డు, ఇంటి తాళాలు, కళ్లజోడు పెట్టి జిప్పు తీయగానే చేతికి తగిలేలా పైన ఉంచు. బ్యాగు తీసుకుంటామంటే ఆ సంచీ, లాప్‌టాప్ లాక్కుని మిగతాది ఇచ్చేయడమే. విమానంలో కూడా పవర్ బ్యాంకు పై అరలో పెట్టకు, కళ్ల ముందుండాలి.

పవర్ బ్యాంకుకి హద్దు 100 వాట్ అవర్లు. పెట్టె మీద ఎంఏహెచ్ అంకెని 3.7 పెట్టి గుణించి వెయ్యితో భాగించు: 10,000ది 37, 20,000ది 74. నీకు పదివేలది చాలు, బరువూ సగమే. దాని మీద అచ్చు అరిగిపోతే సెక్యూరిటీలో ఆపేస్తారు, అంకె కనిపించకపోతే వాళ్లు ఒప్పుకోరు. నువ్వు వాడుతున్నది కాలేజీ నాటిది, ఓసారి తిప్పి చూడు.

చిన్నత్త ఢిల్లీ ప్రయాణం నీకు సగమే తెలుసు. 2024 చివర, చిన్నిగాడి బారసాలకి. శంషాబాదులో పెద్ద పెట్టె కౌంటర్లో ఇచ్చేసి, సెక్యూరిటీ కూడా దాటి, ఇడ్లీ తింటూ కూర్చున్నారు ఇద్దరూ. మైకులో పేరు పిలిచారు. అత్త విమానం ముందే వెళ్లిపోతోందేమోనని ఇడ్లీ వదిలేసి పరిగెత్తింది. తీరా చూస్తే పెట్టె తెరవమన్నారు. ఎక్స్‌రేలో రెండు కనిపించాయట. ఒకటి ఎండుకొబ్బరి కురిడీలు, అరడజను. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, మూసిన చోట తనంతట తనే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది, తీసుకెళ్లనివ్వరు. మావయ్య ఊరుకుంటారా? "అయ్యప్పలకి ఇరుముడిలో కొబ్బరికాయ రానిచ్చారు కదండీ, విమానాల మంత్రి, మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారే చెప్పారు" అని వాదన. అది శబరిమల యాత్రికులకి, ఇరుముడిలో కాయకి, 2025 జనవరి 20 వరకూ ఇచ్చిన వెసులుబాటు. బారసాల కురిడీలకి కాదు. రెండోది ఏమిటో అత్తకి ఎంతకీ తట్టలేదు. సున్నుండల డబ్బా తీశారు, చీరలు తీశారు, వెండి గిన్నె తీశారు, లైన్లో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. చివరికి పెట్టె లోపలి మూత జిప్పులో, రవి ఎప్పుడో వదిలేసిన పాత పవర్ బ్యాంకు. ఆ జిప్పు ఒకటుందని కూడా అత్తకి తెలీదు.

ఇదంతా ఎందుకు రాశానంటే, ఊరి నుంచి రాగానే బ్యాగు బోర్లించి దులపాలి, ప్రతి జిప్పులో చెయ్యి పెట్టాలి. బట్టలు ఉతుక్కి వేసి, అయిపోయినవి ఆ రాత్రే నింపెయ్. తెల్లారి ఫ్లైటుకి మూడింటికి లేచి సర్దితేనే చార్జరు ఇంట్లో ఉండిపోతుంది. తరచూ తిరిగేవాళ్లకి బ్రష్షు, దువ్వెన, చార్జరు, లోపలి బట్టల జత బ్యాగులోవి బ్యాగులోనే ఉండాలి, ఇంట్లో వాడేవి వేరు. చార్జరు 65 వాట్లది, రెండు టైప్-సీ రంధ్రాలున్నది ఒకటి కొను, లాప్‌టాప్‌కీ ఫోన్‌కీ సరిపోతుంది. ముందు లాప్‌టాప్ ఎన్ని వాట్లు అడుగుతుందో దాని అడాప్టర్ మీద చూసుకో. కేబుల్ మటుకు రెండు పెట్టు, పోయేది అదే.

మూడు రాత్రులకి ఒంటి మీద ఒక జత, బ్యాగులో రెండు కుర్తీలు, ఒకే రంగు లెగ్గింగు ఒకటి, నైటు డ్రెస్సు. జీన్స్ ఉంటే తొడుక్కునే వెళ్లు, ఒక్కటే అరకిలో పైన తూగుతుంది, హోటల్లో ఉతికితే రాత్రికి ఆరదు. కుర్తీ ఉతికాక పిండి, పొడి తువ్వాలులో పరిచి, చాపలా చుట్టి మోకాలితో గట్టిగా నొక్కు, తెల్లారేసరికి ఆరుతుంది. బూట్లు కాళ్లకి, చెప్పులు బ్యాగులో. బరువైనవి వీపు వైపు పెట్టు, బయటివైపు పెడితే భుజాలు వెనక్కి లాగుతాయి. నీకు అసలే మెడ నొప్పి.

కొబ్బరినూనె 24 డిగ్రీల లోపు గడ్డకడుతుంది. హైదరాబాదు డిసెంబరులో గడ్డగా ఉందని మూత వదులుగా పెడతావు, చెన్నైలో దిగేసరికి కుర్తీల మీద ఉంటుంది. పైన గాలి ఒత్తిడి తగ్గి సీసాలో గాలి ఉబ్బి నూనెని బయటికి తోస్తుంది, సగం ఖాళీ సీసా ఇంకా ఎక్కువ కారుతుంది. సీసా నొక్కి గాలి తీసి మూత బిగించు, మూత కింద పాలిథిన్ ముక్క వెయ్యి. విదేశమైతే సీసా సైజే 100 మిల్లీలీటర్లు దాటకూడదు. 200 సీసాలో అడుగున కాస్త ఉందన్నా తీసేస్తారు. అన్నీ కలిపి లీటరు పారదర్శక సంచీలో పట్టాలి. కారప్పొడి, పచ్చడి చేతి సామానులో పెట్టకు. కావలసినప్పుడు చెప్పు, నేను బస్సుకి వేస్తాను.

7 కిలోలన్నారని 7 సర్దకు. 6 దగ్గర ఆపు. ఆఫీసు వాళ్లు ఇచ్చే ఫైలో, శాలువాయో తిరుగు ప్రయాణంలో వస్తాయి. గన్నవరం నుంచి మన ఊరు గంట దారి, క్యాబ్ దొరక్కపోతే బాబు ఆటో పంపిస్తానని ఎప్పుడూ చెప్తూనే ఉన్నాను. శీను అబద్ధం చెప్పే మనిషి కాదు, అది కూడా నిజమే. పనిమీద వచ్చి ఉంటావు, సాయంత్రానికే తిరుగు ఫ్లైటు ఉండి ఉంటుంది. నేనేమీ అనలేదు. నాన్నగారికి చెప్పలేదు కూడా.

తిండి వేళకి తిను. ఎయిర్‌పోర్టు కాఫీ ఖాళీ కడుపున తాగకు.

ఉంటాను,
అమ్మ

తా.క. చేత్తో పట్టుకుని తూచే చిన్న కాటా రాజుతో పంపుతున్నాను, శనివారం బస్సుకి వస్తున్నాడు. మియాపూరులో దిగుతాడు, వాడి ఫోనైనా ఎత్తు. థైరాయిడ్ మాత్రలు విడిగా డబ్బాలో పొయ్యకుండా స్ట్రిప్పుతోనే పెట్టుకో, రెండు రోజులవి ఎక్కువ పెట్టు, ఫ్లైటు రద్దయితే పనికొస్తాయి.