సుగ్గి బండ్లు కదలకముందే పిల్లల్ని ఆపండి: కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

నమస్కారాలు. మేము కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు, కౌతాళం, ఆదోని వైపు పల్లెల్లో చర్చిల తరఫున పిల్లల బాగోగులు చూసే పాస్టర్లం, సండే స్కూల్ టీచర్లం. అడిగేది ఒక్కటే. సుగ్గికి, అంటే కోతల కాలంలో కూలికి వలస పోయే కుటుంబాల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునే ఏర్పాట్లన్నీ దసరాకు ముందే పూర్తి కావాలి. అందుకు మా హాళ్లు ఇస్తాం, మా మనుషుల్ని ఇస్తాం. అయితే మమ్మల్నీ చట్టం కిందే నడిపించండి.

సుగ్గి సంగతి మీకు కొత్త కాదు. వానాధారపు పంట చేతికొచ్చినా రాకపోయినా, కూలీలను కుదుర్చుకుపోయే మేస్త్రీ అడ్వాన్స్ మాత్రం ముందే ఇంటికొస్తుంది. నవంబరు నుంచి గుంటూరు, పల్నాడు వైపు పత్తి తీతకు, సంక్రాంతి దాటాక మిరపకాయ కోతకు పోతారు. తిరిగి ఇల్లు చేరేసరికి ఏప్రిల్. కూలి చాలాచోట్ల కిలోల లెక్కన కడతారు కాబట్టి ఇంట్లో ఎన్ని చేతులుంటే అంత డబ్బు. పదేళ్ల ఆడపిల్ల ఒక్క కాయ కోయకపోయినా, చెట్టుకు కట్టిన చీర ఊయల దగ్గర చంటివాణ్ణి పట్టుకుని కూర్చుంటే తల్లి కోత ఆగదు. ఆ పిల్ల చేతులకు మిరప ఘాటు అంటుకుంటుంది. అవే చేతులతో తమ్ముడి ముఖం తుడుస్తుంది, వాడు గుక్కపట్టి ఏడుస్తాడు. రాత్రికి చేను గట్టు మీద పట్టా గుడిసెలోనే పడక. ఆ తల్లికి చదువు విలువ తెలియదని ఉపన్యాసం చెప్పడం అన్యాయం. బిడ్డను వదిలి వెళ్లడానికి నమ్మకమైన చోటు లేకనే వెంట తీసుకుపోతోంది.

ఆ చోటు కోసమే సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. ఆలోచన మంచిదే, చిక్కంతా వేళలో ఉంది. బండ్లు వెళ్లిపోయాక హాస్టల్ తెరిస్తే అందులోకి రావాల్సిన పిల్లలు అప్పటికే మిరప చేలలో ఉంటారు. అందుకే పనిని వెనక నుంచి లెక్కేయండి. నవంబరు మొదటి వారంలో బండి కదిలితే, అక్టోబరు మొదటికల్లా వంటమనిషి, రాత్రి కాపలా ఆయా, సరుకులు సిద్ధంగా ఉండాలి. అంటే సెప్టెంబరులో గ్రామసభ పెట్టి తల్లిదండ్రులతో సంతకాలు తీసుకోవాలి. అంటే ఆగస్టు నెలాఖరుకు పిల్లల జాబితా తయారవ్వాలి. ఆ జాబితా బడి రిజిస్టరు చూసి రాస్తే సరిపోదు. ఏ ఇంటికి అడ్వాన్స్ అందిందో మేస్త్రీకి ఒక్కడికే కచ్చితంగా తెలుసు. మేస్త్రీలను గ్రామ సచివాలయానికి పిలిపించి, వాళ్ల పద్దు పక్కన పెట్టుకుని జాబితా రాయించండి.

బాలకార్మిక చట్టం కింద 2017లో సవరించిన నియమాల ప్రకారం, పిల్లవాడు చెప్పకుండా వరుసగా 30 రోజులు బడికి రాకపోతే హెడ్మాస్టరు నోడల్ అధికారికి తెలియజేయాలి. మన దగ్గర 30 రోజులంటే పత్తి తీత సగం అయిపోతుంది. నవంబరు, డిసెంబరు నెలల వరకైనా దాన్ని 5 రోజులకు కుదిస్తూ జిల్లా స్థాయిలో ఒక ఆదేశం ఇవ్వండి. హెడ్మాస్టరు పంపే కబురులో పిల్లవాడు ఏ ఊరికి, ఏ మేస్త్రీ వెంట పోయాడో కూడా రాయించండి. ఆ రెండూ తెలియకపోతే కబురు అందినా చేయగలిగేది తక్కువ.

ఆడపిల్లల దగ్గరికొచ్చేసరికి ఒక్క లోపమున్నా హాస్టల్ ఖాళీగా ఉంటుంది. పన్నెండు దాటిన కూతుర్ని, లోపలి నుంచి గడియ పడని గదిలో ఏ తల్లీ వదలదు. అయితే వెంట తీసుకుపోతుంది, కాదంటే పెళ్లి చేసేస్తుంది. తలుపుకు లోపలి గడియ, గదికి ఆనుకునే మరుగుదొడ్డి, దారిలో వెలిగే లైటు, రాత్రికి ఇద్దరు ఆడ మనుషులు, శానిటరీ ప్యాడ్లు, ఈ ఐదూ లేనిదే ఆడపిల్లల హాస్టల్‌కు అనుమతి ఇవ్వకండి. రోజూ సాయంత్రం కోత ముగిసే వేళకు తల్లితో ఫోను మాట్లాడించండి. బిడ్డ గొంతు రోజూ వినపడితే చాలామంది తల్లులు మధ్యలో వచ్చి పిల్లను తీసుకుపోరు.

అవ్వాతాతల దగ్గర ఉండే పిల్లలకు హాస్టల్ పడక అక్కర్లేదు, పొద్దున, రాత్రి తిండి కావాలి. బడి పెట్టేది మధ్యాహ్నం ఒక్క పూట, అదీ ఆదివారాలు, సెలవులు పోగా. ఇందులో అందరూ మరచిపోయేది సంక్రాంతి సెలవులు. హాస్టల్‌కు కూడా తాళం పడితే పిల్లలు ఎక్కడికి పోవాలి? తండ్రి వచ్చి తీసుకుపోతాడు. సరిగ్గా మిరప కోత ఊపందుకునే రోజులవి, ఆ పిల్ల మళ్లీ బడి ముఖం చూసేది జూన్‌లోనే. ఆ సెలవుల్లో వంట, కాపలా మా చర్చిలు చూసుకుంటాయి. ఊళ్లోనే మా ఆడవాళ్లు ఉన్నారు, గిన్నెలు ఉన్నాయి. బియ్యం, గ్యాస్, రాత్రి పోలీసు బీటు మీరు చూడండి.

ఆరేళ్లలోపు బిడ్డల్ని తల్లి నుంచి విడదీయమని మేము అడగం. వాళ్లు దిగే ఊళ్లోని అంగన్‌వాడీలో గుడ్డు, పాలు అందేలా గుంటూరు, పల్నాడు కలెక్టర్లకు మీరు ముందే రాయాలి. ఏ గ్రామానికి ఎంతమంది బిడ్డలు వస్తున్నారో జాబితా జతచేస్తే అక్కడి వర్కరుకు పని తేలిక.

ఇక సీడు పత్తి, అంటే విత్తనం కోసం వేసే పత్తి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా క్రాసింగ్ పని. మధ్యాహ్నం వేళ, మర్నాడు విచ్చే మొగ్గల్ని వెతికి, గోటితో రేకులు, పుప్పొడి కాడలు ఒలిచేస్తారు. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి ఆ కీలాగ్రానికి అద్దుతారు. ఎండ ముదిరితే కాయ పట్టదు, అందుకే బడి గంట మోగే వేళకే ఈ పని. మొగ్గలు పిల్లల నడుమెత్తులో ఉంటాయి, సన్న వేళ్లయితే కీలం దెబ్బతినదు అంటారు. మందు కొట్టిన చేలోనే రోజంతా. అడిగితే 'మా ఇంటి పిల్లే, సాయం చేస్తోంది' అంటారు. పిల్లలు ఇంటి పనిలో సాయం చేయొచ్చని బాలకార్మిక చట్టానికి 2016 సవరణ ఇచ్చిన కుటుంబ సడలింపు బడి వేళలకు వర్తించదు, ప్రమాదకరమైన పనికీ వర్తించదు. సాయం రోజుకు మూడు గంటలు దాటకూడదు, రాత్రి ఏడు నుంచి పొద్దున ఎనిమిది వరకు అసలే కూడదు. కాబట్టి తనిఖీ పొద్దున పదింటికి చేలో జరగాలి. బడి మొదలయ్యాక చేలో 14 ఏళ్లలోపు పిల్ల దొరికితే చుట్టరికం అడగనక్కర్లేదు. యజమానికి 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు గానీ, 20 వేల నుంచి 50 వేల జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. ఆ జరిమానాకు ప్రభుత్వం 15 వేలు కలిపి పిల్ల పేరున జమ చేయాలి. ఆ డబ్బు పడిందో లేదో చూసేవాళ్లు లేకపోతే, పిల్ల చేను నుంచి ఇంటికి, ఇంటి నుంచి ఇంకో చేనుకు పోతుంది.

మాకెందుకు ఈ తపన అని అడిగేవాళ్లుంటారు. మా బైబిల్లో నెహెమ్యా అని ఒక అధికారి ఉన్నాడు, పర్షియా రాజు పంపితే యూదాకు వచ్చినవాడు. కరువులో జనం ఆయన దగ్గరికొచ్చి, ధాన్యం కోసం పొలాలు, ఇళ్లు కుదువ పెట్టామని, చివరికి కొడుకుల్ని, కూతుళ్లని దాస్యానికి అప్పగించామని మొరపెట్టుకుంటారు. ఆయన, జనానికి అప్పిచ్చిన పెద్దల్ని సభలో నిలబెట్టి, తీసుకున్నవి ఆ రోజే తిరిగి ఇమ్మన్నాడు, యాజకుల్ని పిలిచి వాళ్ల ముందు ప్రమాణం చేయించాడు. మేస్త్రీ అడ్వాన్సు కింద బిడ్డ చదువు పోతుంటే మాకు కళ్ల ముందు మెదిలేది ఈ అధ్యాయమే. దిక్కులేని పిల్లల్ని, విధవరాండ్రను వాళ్ల ఇబ్బందిలో పరామర్శించడమే దేవుని యెదుట నిష్కళంకమైన భక్తి అని యాకోబు పత్రిక అంటుంది. ఆ మాటను నమ్మి ఆదివారం ఆరాధన చేసి, సోమవారం సుగ్గి బండి ఎక్కుతున్న పిల్లను చూస్తూ ఊరుకోవడం మావల్ల కాదు. ఈ సాయానికి మతం షరతు లేదు. మా హాల్లో పడుకునే పిల్లను ప్రార్థనకు కూర్చోబెట్టం, ఏ ఇంటి పిల్ల ఆ ఇంటి ఆచారంలోనే ఉంటుంది. ఇది రాతపూర్వకంగా ఇస్తాం.

చిన్నవారిలో ఒకరిని అభ్యంతరపరచేవాడికి, అంటే దారి తప్పించేవాడికి, మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో ముంచడం మేలని యేసు అన్న మాట మొదట సంఘానికే తగులుతుంది. అందుకే మా వైపు నుంచి కూడా కొన్ని అడుగుతున్నాం. ధాత కరువులో, అంటే 1876–78లో, మిషనరీలు అనాథ శరణాలయాలు పెట్టారు. తల్లీ తండ్రీ కన్నుమూసిన బిడ్డలకు అప్పుడు అదే దిక్కు. ఈనాటి పిల్లకు తల్లి ఉంది, కూలికి పోయింది. ఆ పిల్లను 'అనాథ' అని చెప్పి పాస్టరు ఇంటి మేడ మీద ఆశ్రమం నడపడం తప్పు. బాలన్యాయ చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ లేని చోట పిల్లల్ని ఉంచితే, మాలో ఎవరైనా సరే, మూయించండి. దాతల కోసం పిల్లల ముఖాలు ఫేస్‌బుక్‌లో పెట్టడం ఆపిస్తాం. పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం విషయంలో చర్చి పెద్దలు కూర్చుని రాజీ చేయకూడదు. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ పెద్ద దాస్తే ఏడాది వరకు. మా టీచర్లకు చెప్పేది ఇంతే: బిడ్డ చెప్పింది విను, మళ్లీ మళ్లీ అడగకు, స్నానం చేయించకు, బట్టలు ఉతకకు, వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కో, అత్యవసర నంబరు 112కో ఫోను చెయ్యి. పెళ్లి జరిపించే పాస్టర్లు వయసుకు ఆధార్ చూసి ఊరుకోకుండా పదో తరగతి మెమో గానీ, జనన ధ్రువపత్రం గానీ చూడాలి. బాల్యవివాహం జరిపించినవాడికి రెండేళ్ల వరకు కఠిన శిక్ష ఉంది, చర్చి లోపల జరిగినా అంతే.

శరణాలయం అక్కర్లేకుండా చేసేది కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద ఇచ్చే స్పాన్సర్‌షిప్. తండ్రి లేని బిడ్డ ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి నెలకు 4,000 రూపాయలు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72 వేలు, పట్టణాల్లో 96 వేలు దాటకూడదు. దరఖాస్తు తరచుగా ఆగేది మరణ ధ్రువపత్రం దగ్గర. తండ్రి సుగ్గిలో చనిపోతే ఆ మరణం నమోదు కావాల్సింది చనిపోయిన ఊళ్లో, కోసిగిలో కాదు. 21 రోజుల్లో రాయించకపోతే రుసుము, 30 రోజులు దాటితే స్వయంగా ధ్రువీకరించిన పత్రం, పైఅధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు. భర్త పోయిన ఆడమనిషి పసిబిడ్డతో పల్నాడు దాకా ఎన్నిసార్లు తిరుగుతుంది? ఆదోనిలో నెలకోసారి ఒక రోజు పెట్టి, బాలల రక్షణ విభాగం, రెవెన్యూ, పంచాయతీ సిబ్బందిని ఒకే బల్ల ముందు కూర్చోబెట్టండి. పల్నాడు, గుంటూరు నుంచి రావాల్సిన కాగితాలను ఆఫీసు నుంచి ఆఫీసుకే తెప్పించండి.

జిల్లా బాలల సంక్షేమ, రక్షణ కమిటీకి మీరే అధ్యక్షులు. ఆగస్టులో జరిగే సమావేశంలో మాకు అరగంట ఇవ్వండి. హాళ్ల కొలతలు, మరుగుదొడ్ల సంఖ్య, రాత్రి ఉండగల ఆడవాళ్ల పేర్లు, వాళ్ల పోలీసు వెరిఫికేషన్ కాగితాలు పట్టుకుని వస్తాం. ఏ హాలు పనికిరాదో మీ ఇంజినీరే చూసి చెప్పాలి. పనికొచ్చేవాటి తాళాలు అక్టోబరు ఒకటికి మండల విద్యాధికారి (ఎంఈఓ) గారి చేతికి ఇస్తాం.

ఇట్లు,
కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల పాస్టర్లు, సండే స్కూల్ టీచర్లు