బాపు మగ్గం గది కిరాయికి ఇవ్వకు అన్నా

ఫిలడెల్ఫియా
సద్దుల బతుకమ్మ మర్నాడు

అన్నకు,

ఇక్కడ అందరం బాగున్నాం. వదిన పంపిన పసుపు, కారం అందాయి. నిన్న ఒక స్కూల్ హాల్లో బతుకమ్మ ఆడాం. తంగేడు, గునుగు దొరకవు కాబట్టి బంతిపూలు, చామంతులతోనే పేర్చాం. ఆడుతున్నంతసేపూ నా మనసు మన వరంగల్ కొత్తవాడలోనే ఉంది.

ఆదివారం ఫోన్లో నీ బిడ్డ పైచదువు గురించి ఇద్దరం గొంతు పెంచాం. పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో నేను మధ్యలో అడ్డుపడతాను, నువ్వు కోపంతో కట్ చేస్తావు. అందుకే రాస్తున్నా. వదినకు కూడా చదివి వినిపించు.

"మనింట్లో ఒకరు డాక్టరైతేనే గొప్ప. ఇంకా ఆపరేషన్లు, ప్రొఫెసర్ పోస్టులు ఎందుకు? ఏదో ఒక పీజీ చేసి దగ్గర్లో ఉద్యోగం చూసుకుంటే పెళ్లి చేసేస్తా" అన్నావు. నీ భయం నాకు తెలుసు. బిడ్డ డాక్టర్ చదువుకు చేసిన అప్పు ఇంకా తీరలేదు. కానీ తను కంటి సర్జన్ అవుతానంది. కంటి వెనక పొర, అదే రెటీనా, ఆపరేషన్ల చదువు కూడా చేసి, ఎప్పటికైనా మన దిక్కున ఒక కంటి విభాగాన్ని నడుపుతానంది. అది విని నువ్వు నవ్వావట. ఆ నవ్వు గురించి చెబుతూ నా దగ్గర ఏడ్చింది అన్నా.

నేను కంటి వైద్యంలో పీజీ చేసిన మూడేళ్ళ గురించి నీకు సగమే చెప్పాను. బాపుకు టెన్షన్ ఎందుకని ఎప్పుడు అడిగినా బాగుందనేదాన్ని. ఆ మూడేళ్ళూ నేను ఎక్కువగా కూర్చున్నది ఓపీలో. అద్దాల నంబర్లు చూడటం, కేస్ షీట్లు రాయడం, పేషెంట్లకు చుక్కలు వేయడం. థియేటర్లో సర్జన్ పక్కన ఇంకొకరు చూడటానికి మైక్రోస్కోప్‌కు రెండో గొట్టం ఉంటుంది. నేనెప్పుడూ ఆ గొట్టం దగ్గరే ఉండేదాన్ని. కత్తి పక్కవాళ్ళ చేతికి వెళ్ళేది. ఒకరి మేనమామ పెద్ద డాక్టరు. ఇంకొకరికి సొంత నర్సింగ్ హోం. సార్లతో వాళ్ళకు చనువుండేది. నేను అడిగితే "ముందు చూసి నేర్చుకో అమ్మా" అనేవారు. ఎవరూ తిట్టలేదు, కులం పేరు ఎత్తలేదు. నా వంతు మాత్రం రాలేదు. రెండోసారి అడగడానికి నాకు నోరు రాలేదు. సర్టిఫికెట్ చేతికొచ్చేనాటికి ఒక్క శుక్లం ఆపరేషన్ కూడా మొదటి నుంచి చివరి దాకా నా చేత్తో చేయలేదు. రిజర్వేషన్ నన్ను కాలేజీ గేటు దాటించింది. దానికి నేను రుణపడి ఉన్నాను. థియేటర్ తలుపు దాటించేవాళ్ళు మాత్రం ఎవరూ లేకపోయారు.

ఇక్కడికొచ్చి రెండేళ్ళు రీసెర్చ్ చేసి, మళ్ళీ మొదటి నుంచి రెసిడెన్సీ, అంటే ఇక్కడి పీజీ శిక్షణ, ఎందుకు చేశానని నువ్వు చాలాసార్లు అడిగావు. జవాబు ఇదే. ఇక్కడ కంటి రెసిడెన్సీ ముగిసేలోపు కనీసం 86 శుక్లాల ఆపరేషన్లు ప్రధాన సర్జన్‌గా తన చేత్తో చేసి తీరాలి. ప్రతి కేసూ లెక్క రాస్తారు. ఎవరి కూతురివని ఆ లెక్క అడగదు. వెనకాల ఎవరూ లేనివాళ్ళకు అలాంటి లెక్క ఎంత అండో అనుభవించినవాళ్ళకే తెలుసు.

అయినా లెక్క చేయి తిరగడం వరకే నేర్పుతుంది. నలుగురిని నడిపించడం నేర్పాలంటే మనిషి కావాలి. నాకు మా మేడం దొరికింది. నల్లజాతి సర్జన్, మన అమ్మ వయసుంటుంది. రెండో ఏడు నా చేతిలో ఒక కేసు చెడింది. లెన్స్ వెనక పొర చిరిగింది. మేడం పక్కనే ఉండి సరిదిద్దింది, పేషెంటుకు చూపు దక్కింది. ఆ సాయంత్రం నన్ను కూర్చోబెట్టి, ఆపరేషన్ వీడియో ఆపి ఆపి రెండు గంటలు చూపించింది. "ఇక్కడ నీ మణికట్టు చూడు. పొర చిరగకముందే చేయి భయపడింది" అంది. తర్వాతి వారం డాక్టర్లందరి ముందు ఆ కేసు నన్నే చెప్పమంది. ముందు రోజు ఖాళీ హాల్లో నాలుగుసార్లు చెప్పించింది. ప్రతిసారీ ఒకటే మాట: "వాక్యం చివర్లో గొంతు తగ్గించకు." నేను అలా తగ్గిస్తానని అప్పటిదాకా నాకే తెలియదు. ఓపీలో మూడేళ్ళు నేర్చుకున్న అణకువ అది.

ఆ తర్వాత కమిటీలో ఒక చోటు ఖాళీ అయితే నేను లేని మీటింగులో నా పేరు చెప్పింది. సలహాలిచ్చేవాళ్ళు చాలామంది దొరుకుతారు అన్నా. మనం లేని గదిలో మన పేరెత్తే మనిషి దొరకడమే కష్టం.

మేడమే నాకు ప్యాట్రీషియా బాత్ గురించి చెప్పింది. న్యూయార్క్ హార్లెంలో పుట్టిన నల్లజాతి అమ్మాయి. తండ్రి సబ్‌వే రైలు నడిపేవాడు, తల్లి ఇళ్ళలో పని చేసేది. డాక్టరయ్యాక ఆమె ఒకే ఊళ్ళో రెండు చోట్ల పని చేసింది. హార్లెం దవాఖాన కంటి విభాగానికి వచ్చేవాళ్ళలో సగం మందికి చూపు లేదు, లేదా సరిగా ఆనదు. కొలంబియా యూనివర్సిటీ కంటి విభాగంలో అలాంటివాళ్ళు చాలా తక్కువ. ఈ తేడా హార్లెం బిడ్డ కంట్లో పడింది. కొలంబియా ప్రొఫెసర్లను ఒప్పించి హార్లెంలో ఉచితంగా ఆపరేషన్లు చేయించింది, తాను పక్కన నిలబడి అందించింది. తర్వాత లాస్ ఏంజెలెస్‌లో ఉద్యోగంలో చేరితే నేలమాళిగలో, ల్యాబ్ జంతువుల పక్కన గది చూపించారు. ఆమె వద్దని చెప్పి వేరే గది తీసుకుంది. 1983లో ఈ దేశంలో కంటి రెసిడెన్సీకి అధిపతి అయిన మొదటి మహిళ ఆమే. శుక్లాలను లేజర్‌తో తీసే పరికరానికి 1988లో పేటెంట్ కూడా సంపాదించింది.

బాపు సంగతి గుర్తు చేసుకో. కంటి క్యాంపులో గోడ మీది చార్టు చదివించి "చూపు బాగానే ఉంది పెద్దాయనా" అని పంపేశారు. దూరం బాగానే కనిపించేది. మగ్గం మీద, మూరెడు దూరంలో, తెగిన పోగు కనిపించేది కాదు. బొటనవేలితో పడుగంతా తడుముతూ వెతికేవాడు. దొరికాక ఉమ్మితో తడిపి ముడేసేవాడు. ఆ వేలు కదలడం పక్కన కూర్చుని చూసింది నీ బిడ్డే, అయిదేళ్ళది. ఒక జత దగ్గరి చూపు అద్దాలతో తీరిపోయే కష్టానికి ఆయన రెండేళ్ళు కూలి పోగొట్టుకున్నాడు. "నువ్వేం పని చేస్తావు?" అని ఆ క్యాంపులో ఒక్కరు అడిగినా సరిపోయేది. ఇవాళ నీ బిడ్డ ఓపీలో ప్రతి పేషెంటునూ ముందు ఆ మాటే అడుగుతుందట.

ఇక్కడ 2015 లెక్కల ప్రకారం కంటి డాక్టర్లలో నల్లజాతివాళ్ళు, హిస్పానిక్‌లు (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళు), స్థానిక తెగలవాళ్ళు అందరూ కలిపి నూటికి ఆరుగురు. జనాభాలో వాళ్ళు నూటికి 30 మంది. నీటికాసులతో (గ్లాకోమా) చూపు పోయే ముప్పు మాత్రం నల్లవాళ్ళకే ఎక్కువ. అందుకే కంటి డాక్టర్ల అకాడమీ, ప్రొఫెసర్ల సంఘం కలిసి 2018లో మెంటరింగ్ కార్యక్రమం మొదలుపెట్టాయి. ఒక్కో విద్యార్థికి ఒక్కో డాక్టరు తోడు. కాలేజీ సీట్లలో జాతిని చూడకూడదని 2023లో ఇక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చాక ఇలాంటి పనులన్నీ జాగ్రత్తగా అడుగేయాల్సి వస్తోంది. మేడం మాత్రం ఆపలేదు. నేనూ ఒక అమ్మాయికి తోడున్నాను. వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు.

ఇక్కడి లెక్కల్లో మనవాళ్ళు తక్కువున్నవాళ్ళ కిందికి రారు. భారతీయ డాక్టర్లు ఈ దేశం నిండా ఉన్నారు. అది న్యాయమే. కానీ వాళ్ళలో మగ్గం ఇంటి నుంచి వచ్చినవాళ్ళెందరు, తండా నుంచి వచ్చినవాళ్ళెందరు అని ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ లెక్క మన దగ్గరే మొదలవ్వాలి.

మన చిన్నప్పుడు వరంగల్ నుంచి ఆదిలాబాద్ దాకా ప్రభుత్వ మెడికల్ కాలేజీ అంటే 1959 నాటి మన కాకతీయే. ఇప్పుడు చూడు. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండం, మహబూబాబాద్. మరుసటేడు ఆసిఫాబాద్, నిర్మల్, భూపాలపల్లి, జనగామ, సిరిసిల్ల. 2024లో ములుగు, నర్సంపేట. ప్రతి కాలేజీకీ ఒక కంటి విభాగం కావాలి, దానికి హెచ్‌ఓడీ, అంటే విభాగాధిపతి, కావాలి. పీజీలకు కత్తి ఎవరి చేతికివ్వాలో తేల్చేది ఆ కుర్చీ. అందులో మన పిల్లలు కూర్చోకపోతే, నేను నిలబడ్డ రెండో గొట్టం దగ్గరే ఇంకో తరం నిలబడుతుంది.

బిడ్డకు అక్షరాభ్యాసం చేయించిన బాసర పక్కనే ముధోల్ ఉంది కదా. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థ 1996లో అక్కడ పల్లెల కోసం కంటి దవాఖాన పెట్టింది. ఆ సంస్థ ఇంటర్ చదివిన ఊరి పిల్లలకు ఏడాది శిక్షణ ఇచ్చి, సుమారు 50,000 మందికి ఒకటి చొప్పున పెట్టే విజన్ సెంటర్లలో, అంటే కంటి పరీక్ష కేంద్రాల్లో, కూర్చోబెడుతుంది. ఊరి మాట తెలిసినవాళ్ళు కాబట్టి ముసలివాళ్ళు జంకకుండా వస్తారు. మొదటి మెట్టు మీద ఊరి పిల్లలు నిలబడగలిగినప్పుడు పై మెట్టు మీద ఎందుకు నిలబడలేరు?

ఇంకో మాట. శుక్లం ఆపరేషన్‌లో రెండు చేతుల్లో రెండు పరికరాలు, ఒక కాలి కింద మైక్రోస్కోప్ పెడల్, ఇంకో కాలి కింద మిషన్ పెడల్. కళ్ళు ఒక్క చోటే. మొదటిసారి అలా కూర్చున్నప్పుడు నాకు బాపు గుంట మగ్గంలో కూర్చున్న తీరే గుర్తొచ్చింది. బిడ్డకు చేయి వణుకుతుందని కాలేజీలో ఎవరో అన్నారట. అది మగ్గం ఇంటి చేయి. సాధన చేయనివ్వు.

అందుకే అడుగుతున్నా, బాపు మగ్గం ఉన్న ముందు గదిని జిరాక్స్ షాపుకు కిరాయికి ఇవ్వకు. నెలకు వచ్చే ఆ డబ్బు నేను పంపుతా. హైదరాబాద్‌లో ఒక సెకండ్ హ్యాండ్ మైక్రోస్కోప్ చూసి అడ్వాన్స్ కట్టాను. మగ్గం గుంట పూడ్చి చదును చేయించు, కరెంటు ప్లగ్గు ఇంకోటి వేయించు. ఆదివారాలు బిడ్డ, తన క్లాసులోని ఇంకో ఇద్దరమ్మాయిలు అక్కడ కూర్చుంటారు. ఒకామెది మహబూబాబాద్ దగ్గర తండా, ఇంకొకామెది ఆసిఫాబాద్. ఫోన్ కెమెరా మైక్రోస్కోప్‌కు తగిలిస్తే ఇక్కడి నుంచి నేను చూస్తూ చెబుతాను. ముందు కుట్లు వేయడం, తర్వాత లెన్స్ పై పొరను గుండ్రంగా చింపడం. వంతులవారీగా ముగ్గురూ చేయాలి, ఎవరెన్ని చేశారో వదిన నోట్‌బుక్కులో రాయాలి. తర్వాత ఒక్కొక్కరూ నిలబడి తమ తప్పు తామే చెప్పాలి.

వీటికి మేక కళ్ళు కావాలి. మన చౌరస్తా మటన్ కొట్టాయనతో మాట్లాడు, ఆయన నీకు బాగా తెలుసు. ఆదివారం పొద్దున ఆరింటికల్లా వెళ్ళు, ఆ తర్వాత గిరాకీ ఎక్కువ. కనీసం పన్నెండు కళ్ళు, అదే రోజువి కావాలి. కత్తి తగలకుండా తీయమను. తెచ్చేటప్పుడు ఐస్ డబ్బాలో పెట్టు, గడ్డ కట్టనివ్వకు.

నీ చెల్లె