చిరునామా మారితే సందేశం ఏమవుతోంది?

సంపాదకులకు నమస్కారం.

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతుల ఫోన్లకు ధరలు పంపే ఒక ప్రైవేటు సేవలో కొందరికి సందేశాలు అందడం లేదు. రికార్డులో మాత్రం పంపినట్లే ఉంటోంది. ఇలాంటి వ్యవస్థలపై పనిచేసే వ్యక్తిగా, కారణం ఎక్కడ ఉండవచ్చో చెప్పదలిచాను.

ఈ సేవల్లో ప్రోగ్రాముల మధ్య సందేశాలను అందుకొని చేరవేసే మెసేజ్ బ్రోకర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఊరికొక క్యూ (సందేశాలు వరుసగా వేచి ఉండే చోటు) చొప్పున కొత్తవి వస్తూ పాతవి పోతూ ఉంటే, చిరునామాను కోడ్‌లో ముందే రాసిపెట్టడం కుదరదు. జావా ప్రోగ్రాములు బ్రోకర్లను వాడుకునే ప్రమాణమైన జేఎంఎస్‌లో గమ్యం చెప్పకుండానే ప్రొడ్యూసర్‌ను (సందేశాలు పంపే భాగాన్ని) సృష్టించి, పంపేటప్పుడు క్యూను సూచించవచ్చు. రాబిట్‌ఎంక్యూ అనే బ్రోకర్‌లో ఆ పని సందేశంతో పాటు పంపే రూటింగ్ కీ అనే పదం చేస్తుంది.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఆ కీకి సరిపడే క్యూ ఏదీ లేకపోతే రాబిట్‌ఎంక్యూ సందేశాన్ని చడీచప్పుడు లేకుండా పారేస్తుంది, పైగా పంపినవారు కోరి ఉంటే అందుకున్నట్లు రసీదు కూడా ఇస్తుంది. ఉదాహరణకు, వరంగల్ అర్బన్ జిల్లా 2021లో హనుమకొండ జిల్లా అయింది. క్యూలకు కొత్త జిల్లా పేరు పెట్టి, కీని మాత్రం పాత పేరుతోనే తయారుచేసే కోడ్ ఉంటే ఆ జిల్లా సందేశాలన్నీ గల్లంతే. యాక్టివ్‌ఎంక్యూ అనే మరో బ్రోకర్‌లోనైతే సాధారణంగా ఆ పాత పేరుతోనే క్యూ పుట్టి, ఎవరూ చదవని ధరలు అందులో పేరుకుపోతాయి.

పంపేటప్పుడు సందేశానికి మ్యాండేటరీ (తప్పనిసరి) గుర్తు పెడితే రాబిట్‌ఎంక్యూ అలాంటి సందేశాన్ని వెనక్కి పంపుతుంది. దారి దొరకని సందేశాలను మళ్లించే ఆల్టర్నేట్ ఎక్స్ఛేంజ్ ఉంటే వేరే క్యూలో భద్రపరచవచ్చు. రైతుల వద్ద చందా తీసుకునే సేవలు ఈ రెండింటిలో ఒకటైనా తప్పక అమర్చాలనీ, అందని సందేశాలను వేలం మొదలయ్యేలోపే ఒక మనిషి చూసి తిరిగి పంపాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హనుమకొండ