2024–25 వార్షిక నివేదిక: వాన కాలువలో వేణ్ణీళ్లు

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, సంక్రాంతి ముగ్గులు, పిల్లల తెలుగు తరగతి ఎప్పట్లాగే జరిగాయి. ఫోటోలు గ్రూపులో చూసే ఉంటారు, మళ్లీ రాయను. జమాఖర్చుల కాగితం జనరల్ బాడీలో చేతికిస్తాం. ఈసారి నివేదికంతా దాదాపు బెంగళూరులో మన లేఔట్ వెనక కాలువ గురించే, ఎందుకంటే సంఘం డబ్బూ కమిటీ వాళ్ల నిద్రా ఎక్కువగా దానికే పోయాయి.

అది వాన కాలువ. వాన లేనప్పుడు ఎండిపోయి ఉండాలి. నడి ఎండల్లో కూడా నల్లటి నీళ్లు పారుతున్నాయంటే మురుగు కలుస్తోందని చెప్పడానికి ఏ పరికరమూ అక్కర్లేదు, ముక్కు చాలు. చిక్కల్లా ఎక్కడ కలుస్తోందన్నదే. సగం దూరం స్లాబులు, వాటి మీద కార్లు, రెండు వైపులా లెక్కలేనన్ని పైపులు, అందులో చాలావరకు డాబాల మీది వాన నీళ్లవే. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ అధికారులు "ఏ పైపో చూపించండి" అన్నారు, నిజం చెప్పాలంటే ఆ మాట న్యాయమే. మనవాళ్లలో మాత్రం అందరికీ అప్పటికే జవాబు తెలుసు: పైనున్న పెద్ద అపార్ట్‌మెంట్లు, లేదంటే రాత్రిపూట వచ్చే, సెప్టిక్ ట్యాంకులు తోడే హనీ సక్కర్ ట్యాంకర్లు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఫైబర్ కేబుల్స్ పనే చేసిన మూడో క్రాస్ ఇంజినీరు గారు ఓ దారి చెప్పారు. నెదర్లాండ్స్‌లో పదిహేనేళ్ల పైనుంచే వాన నీటి పైపుల్లో కిలోమీటరు పైబడిన గాజు ఫైబర్ కేబుల్ పరిచి, ఒక చివర నుంచి లేజర్ పల్స్ పంపుతున్నారట. ఆ కాంతిలో కొద్ది భాగం దారి పొడవునా చెదిరి వెనక్కొస్తుంది. అందులో ఒక భాగం బలం గాజు వేడినిబట్టి మారుతుంది, తిరిగి రావడానికి పట్టిన సమయాన్నిబట్టి అది ఎన్నో మీటరు దగ్గరిదో తెలుస్తుంది. ఎవరో స్నానం చేసినా, వాషింగ్ మెషీన్ నీళ్లు వదిలినా, ఆ వేడి ఒకచోట పుట్టి కిందికి జరుగుతూ కంప్యూటర్లో కనబడుతుంది. పుట్టిన చోటే దొంగ కనెక్షన్.

ఆ మెషీన్ లక్షల్లో ఉంటుంది కాబట్టి మనం చవక దారి పట్టాం. స్టీలు గొట్టంలో వచ్చే, వేడి కొలిచే డీఎస్‌18బీ20 సెన్సార్లు కొని, స్లాబుల సందుల్లోంచి నీళ్లలోకి దించి, రీడింగులు రాసుకునే చిన్న డబ్బాలకు కలిపాం. కంపెనీ లెక్క ప్రకారమే అవి అర డిగ్రీ అటూ ఇటూ చూపిస్తాయి, అందుకని ముందుగా అన్నిటినీ ఒకే ఐసు నీళ్ల బకెట్లో ముంచి తేడాలు రాసి పెట్టుకున్నాం. రెండిటి వైర్లు ఎలుకలు కొరికేశాయి. ఆ ఖర్చు కూడా జమాఖర్చుల్లో ఉంది.

డిసెంబరు, జనవరి నెలలు ఎంచుకోవడానికి కారణం ఉంది. బెంగళూరులో జనవరి తెల్లవారుజాము చలి సగటున 16 డిగ్రీల దగ్గరికి దిగుతుంది, అదే సమయానికి ప్రతి ఇంట్లో గీజరో సోలారో నడుస్తుంది, కాబట్టి తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఏప్రిల్లో ఇదే పని చేస్తే పెద్దగా ఏమీ తేలదు, చెన్నైలో ఉన్న మన బంధువుల సంఘాలకైతే చలికాలంలోనూ కష్టమే. పైగా మనది సగం తెరిచిన కాలువ, ఎండ ఎక్కాక నీళ్లు వాటంతటవే వేడెక్కుతాయి, అందుకే పొద్దున తొమ్మిది తర్వాతి రీడింగులు లెక్కలోకి తీసుకోలేదు.

మొదట దొరికిన వెచ్చటి చోటు మురుగు కాదు. ఓ బిల్డింగ్ బేస్‌మెంట్లో ఊరే నీటిని మోటారుతో కాలువలోకి తోడుతున్నారు. భూగర్భ జలం ఇక్కడ ఏడాది పొడవునా 24, 25 డిగ్రీల దగ్గరే ఉంటుంది, చలిలో అది కూడా వేడిగానే కనిపిస్తుంది. కానీ రాత్రీ పగలూ ఒకే తీరు. మనుషులు వాడిన నీళ్లకు టైముంటుంది.

రెండోచోట ఆ టైము కనిపించింది. రోజూ గ్రాఫు ఆరున్నరకి లేవడం, ఎనిమిదిన్నరకి పడిపోవడం, ఆదివారం మాత్రం బద్ధకంగా తొమ్మిది దాకా సాగడం. ఇంత వరకు ఏ ఇల్లయినా అంతే. అయితే జనవరి 13 సోమవారం గ్రాఫు నాలుగున్నరకే లేచింది, మిగతా రోజులకంటే ఎత్తుగా, ఎక్కువసేపు. ఆ రోజు భోగి. నాలుగున్నరకి లేచి తలంటు పోసుకునేవాళ్లు ఎవరో వేరే చెప్పాలా? పైనున్న అపార్ట్‌మెంట్లు కాదు, ట్యాంకర్లు కాదు, మన సభ్యులే ఎక్కువమంది ఉండే బిల్డింగే. పేరు ఇక్కడ రాయడం లేదు, వాళ్లకు తెలుసు.

వేడి కనబడితే వేణ్ణీళ్లు కలిసినట్టే తప్ప మురుగని తేలదు. మురుగులో అమోనియా ఉంటుంది కాబట్టి అక్వేరియం షాపులో దొరికే అమోనియా కిట్‌తో చూశాం, తర్వాత వాళ్ల అనుమతితోనే టాయిలెట్లో ఆకుపచ్చ రంగు పోసి ఫ్లష్ చేయించాం. కాసేపటికి కాలువలో తేలింది. చాంబర్ నుంచి నేల కింది మురుగు లైనుకు (యూజీడీకి) వెళ్లే పైపు ఎప్పుడో పూడుకుపోతే, పొంగకుండా ఎవరో పక్కనున్న వాన పైపులోకి కన్నం పెట్టి వదిలేశారు. ఇప్పుడున్న వాళ్లలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. ఫిబ్రవరిలో నీటి ఒత్తిడితో పూడిక తీసే జెట్టింగ్ మెషీన్ తెప్పించి ఆ పైపు క్లియర్ చేయించి, కన్నం మూయించారు. ఖర్చు వాళ్లే పెట్టుకున్నారు, గొడవ కాలేదు.

ఆ పాయింటు దగ్గర ఇప్పుడు గ్రాఫు బల్లపరుపుగా ఉంది. కాలువలో నీళ్లు మాత్రం ఇంకా నల్లగానే ఉన్నాయి, మన హద్దు పైనుంచి వస్తున్నాయి. ఇవి వర్తూరు చెరువులో కలిసి, అక్కణ్ణుంచి దక్షిణ పినాకినిలోకి పోతాయి. మన నెల్లూరు పెన్నా పుట్టిన నంది కొండల ప్రాంతంలోనే పుట్టిన నది అది, హోసూరు వైపు వెళ్లి తమిళనాడు వాళ్ల పొలాలకు పారుతుంది.

వచ్చే చలికాలం పై లేఔట్ వాళ్లతో కలిసి ఇదే పని అక్కడ చేద్దామని కమిటీ అనుకుంటోంది, వాళ్లు కూడా సరేనన్నారు. కొత్త సెన్సార్లకూ బ్యాటరీలకూ డబ్బు కావాలి, ఆ తీర్మానం జనరల్ బాడీలో ఓటుకు వస్తుంది. డిసెంబరులో పొద్దున్నే అయిదుకి లేచి డబ్బాలు చూసొచ్చే ఓపికున్నవాళ్లు కూడా కావాలి, పేర్లు కార్యదర్శికి ఇవ్వండి.